టెస్టుకి ముందు ఆరు వారాలు

మాది చిన్న కంపెనీ. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మూడో అంతస్తు, పద్నాలుగు మందిమి. కోడింగ్ రానివాళ్ళు కూడా సొంతంగా వెబ్‌సైట్ చేసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు, ట్యూషన్లు చెప్పేవాళ్ళు, టైలర్లు, చిన్న దుకాణాలవాళ్ళు దాన్ని వాడాలని మా ఆశ. అయితే అలాంటి మనిషి మా స్క్రీన్ ముందు కూర్చుని ఉండగా మాలో ఎవరమూ చూడలేదు. పోయిన ఏడాది తెలుగు, కన్నడ మెనూలు పెట్టాం. సైన్ అప్‌లు పెరిగాయి గానీ, వచ్చినవాళ్ళలో చాలామంది మొదటిరోజే వదిలేసి వెళ్ళిపోతున్నారు. ఏ పేజీ దగ్గర ఆగిపోయారో లాగ్‌లో కనిపిస్తుంది. ఎందుకు ఆగిపోయారో కనిపించదు. పక్కన కూర్చుని చూస్తే తప్ప తెలియదని నేను పట్టుబడితే, "సరే, ప్లాన్ రాసుకుని రా" అన్నారు మా మేనేజర్.

మా సాఫ్ట్‌వేర్ చేతికిచ్చి, వాడుతుంటే పక్కన కూర్చుని చూసే టెస్టు అది. దాని ప్లాన్‌కి ఆరు వారాలు పట్టింది. టెస్టులో ఏం తేలిందో ఇక్కడ రాయడం లేదు. ఆ ఆరు వారాల గురించే రాస్తున్నాను. మొదట నేను రాసుకున్న ప్లాన్‌తోనే ముందుకు వెళ్ళి ఉంటే, మా సాఫ్ట్‌వేర్ భేషుగ్గా ఉందని తేలేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

ముందు ఈ దారిన నడిచినవాళ్ళు ఏం చూశారో చదివాను. వెబ్‌సైట్లు చేసుకునే సాఫ్ట్‌వేర్ డ్రూపల్. వాళ్ళు 2008లో మిన్నెసోటా యూనివర్సిటీలో, 2009లో బాల్టిమోర్ యూనివర్సిటీలో ఇలాంటి టెస్టులు పెట్టారు. సైటు నడిపేవాళ్ళు పనిచేసుకునే లోపలి గది ఏదో, బయటివాళ్ళకి కనిపించే ముంగిలి ఏదో తెలియక జనం తికమకపడటం అక్కడ బాగా కనిపించింది. 2011 జనవరిలో వచ్చిన డ్రూపల్ 7లో లోపలి పేజీలు సైటు మీద వేరే పొరలా తెరుచుకునేట్టు చేయడానికి అదొక కారణం. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ రెండూ ఒకే కిటికీలో ఉంటాయి. కాబట్టి ఆ చోటు చూసి తీరాలని మొదటి రోజే రాసిపెట్టుకున్నాను.

మొదటి పేచీ ఎంతమందిని పిలవాలన్నదాని మీద. ముప్ఫైమంది లేకపోతే పైవాళ్ళు నమ్మరన్నారు మేనేజర్. ఐదుగురు చాలన్నాను నేను. ఈ ఐదు అన్న అంకె, ఇలాంటి టెస్టుల మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క నుంచి వచ్చింది. ఒక్కో మనిషి దగ్గర సగటున 31 శాతం సమస్యలు బయటపడతాయనుకుంటే, ఐదుగురు అయ్యేసరికి దాదాపు 85 శాతం బయటపడతాయి. ఆ తరవాత వచ్చినవాళ్ళ దగ్గర చూసినవే ఎక్కువగా మళ్ళీ చూస్తాం. కానీ 31 అన్నది వాళ్ళు చూసిన ప్రాజెక్టుల సగటు, అన్నిటికీ అదే అంకె ఉండాలని లేదు. 2001లో జారెడ్ స్పూల్, విల్ ష్రోడర్ కొన్ని వెబ్‌సైట్ల మీద చూస్తే మొదటి ఐదుగురి దగ్గర 35 శాతమే దొరికాయి. ఇది చదివాక అంకె పట్టుకుని వాదించడం మానేశాను. పదిహేనుమందికి సరిపడా డబ్బుంటే ఐదేసిమందితో మూడుసార్లు చేయమని 2000లో నీల్సనే రాశారు. మా దగ్గర అంత డబ్బు లేదు. ముగ్గురితో ఒక విడత చేసి, కనిపించినవి సరిచేసి, తరవాత ఇంకో ముగ్గురితో చేద్దామని ఒప్పందానికొచ్చాం. ఆరుగురిని చూసి "ఇంత శాతం మందికి ఇలా అయింది" అని ఎక్కడా రాయకూడదన్నది కూడా ప్లాన్‌లో పెట్టాను. రిపోర్టులో శాతం గుర్తు కనిపిస్తే చాలు, మీటింగులో అందరి కళ్ళూ దాని మీదికే పోతాయి.

ఎప్పుడూ వెబ్‌సైట్ చేసుకోని మనుషుల్ని వెతకడం అంతకన్నా కష్టమైంది. ఇలాంటి టెస్టులకి మనుషుల్ని పంపే ఒక ఏజెన్సీ రెండు రోజుల్లో పన్నెండు పేర్లు పంపింది. ముగ్గురికి ఫోన్ చేశాను. ఇద్దరు ఆ నెలలోనే వేరే కంపెనీల టెస్టులకి వెళ్ళొచ్చినవాళ్ళు. మూడో ఆయన, నేను ఇంకా ఏమీ చూపించకముందే, "డాష్‌బోర్డ్ ఎడమ పక్కన ఉంటుంది కదా మేడం" అన్నారు. ఆ జాబితా పక్కన పెట్టేశాను.

అసలు తప్పు ఏజెన్సీదే అనలేను. నేను ఇచ్చిన ప్రశ్న అలా ఉంది: "మీరు ఇంతకుముందు ఎప్పుడైనా వెబ్‌సైట్ తయారుచేశారా?" డబ్బిస్తారని తెలిసినవాళ్ళకి ఏ జవాబు చెప్పాలో ఆ ప్రశ్నే చెప్పేస్తోంది. దాన్ని తీసేసి, జవాబు ఎటు ఉండాలో పసిగట్టలేని ప్రశ్నలు రాశాను. కొత్త గిరాకీకి మీ గురించి ఎలా తెలుస్తుంది? ధర మారితే పాతవాళ్ళకి ఎలా చెప్తారు? పోయిన నెలలో కంప్యూటర్ మీద ఏమేం చేశారు? ఇవి అడిగితే మనిషి తన పని గురించి చెప్పుకుంటూ పోతారు. వెబ్‌సైట్ ముఖం చూశారో లేదో ఆ మాటల్లోనే తెలిసిపోతుంది.

శనివారాలు మారతహళ్ళి, రామ్మూర్తినగర్ తిరిగాను. ఆ రెండు చోట్లా ఏ వీధిలో నిలబడ్డా తెలుగు వినపడుతుంది. పీజీలు నడిపేవాళ్ళు, ఆంధ్ర మెస్‌లు, పచ్చళ్ళు పొడులు అమ్మేవాళ్ళు, జాకెట్లు కుట్టేవాళ్ళు. మొదట అందరూ నన్ను లోన్ యాప్ తాలూకు మనిషిననుకున్నారు. ఒక నెల్లూరు పెద్దమ్మ మాత్రం కూర్చోబెట్టి మాగాయ రుచి చూపించారు. వాట్సాప్ బిజినెస్‌లో ఆమె కేటలాగ్ చూపిస్తుంటే నాకు నోట మాట రాలేదు. ఇరవై రెండు రకాలు, ఒక్కోదానికీ ఫోటో, అరకిలో ధర, కిలో ధర, కొరియర్ ఖర్చు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. "మొదటిసారి వాడేవాళ్ళు" అని మేం ఆఫీసులో అనుకునేటప్పుడు ఏమీ తెలియనివాళ్ళని మనసులో ఊహించుకుంటాం. ఆమెకి అమ్మకం అంతా తెలుసు. తెలియనిదల్లా మా మెనూలో ఉన్న పదాలు. ఆ రోజు నుంచి ప్లాన్‌లో "అనుభవం లేనివారు" అన్న మాట కొట్టేసి, "రోజూ ఫోన్ మీద వ్యాపారం చేస్తూ, ఎప్పుడూ వెబ్‌సైట్ చేసుకోనివారు" అని రాశాను. పొడుగ్గా ఉందని ఎవరో అన్నారు. ఉండనీ.

ఇక టాస్కులు, అంటే వచ్చినవాళ్ళకి కార్డు మీద రాసిచ్చే పనులు. ఆరు వారాల్లో సగం కాలం వీటికే పోయింది.

నా మొదటి చిత్తులో మొదటి టాస్కు ఇది: "'మా గురించి' అనే కొత్త పేజీ తయారుచేసి, మెనూలో చేర్చి, పబ్లిష్ చేయండి." చదవడానికి చక్కగా ఉంది. మా తెలుగు స్క్రీన్ మీద "కొత్త పేజీ" అనే బటన్ ఉంది, "మెనూలో చేర్చు" ఉంది, "పబ్లిష్" ఉంది. చేతిలో కాగితం పట్టుకున్న మనిషి కాగితం మీది పదాలు స్క్రీన్ మీద ఎక్కడున్నాయో వెతికి నొక్కుకుంటూ పోతే పనైపోతుంది. అది బొమ్మలు జతచేసే ఆట లాంటిది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని సైటు చేసుకునే మనిషికి ఆ కాగితం ఎవరిస్తారు? ఆమె మనసులో "పేజీ" అనే మాటే ఉండదు. ఉండేది గిరాకీ అడిగిన ప్రశ్న.

అందుకని నెల్లూరు పెద్దమ్మ దగ్గర విన్న మాటలతోనే తిరగరాశాను. "ఈ పచ్చళ్ళు ఎవరు పెడతారు, ఏ నూనె వాడతారు అని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. వాళ్ళు మీకు ఫోన్ చేయకుండానే సైటులో ఆ సంగతి తెలిసేట్టు చేయండి." రెండోది: "రేపట్నుంచి మాగాయ కిలోకి 50 రూపాయలు పెరుగుతోంది. సైటు చూసినవాళ్ళకి కొత్త ధర కనిపించాలి." మూడోది: "పండక్కి నాలుగు రోజులు ఊరెళ్తున్నారు. ఆర్డర్లు తీసుకోరన్న సంగతి అందరికీ తెలియాలి." వీటిలో మా సాఫ్ట్‌వేర్ పదాలు దాదాపు లేవు. రాసిన ప్రతి కార్డునీ మా మెనూల జాబితా పక్కన పెట్టి, ఒక్క పదం కలిసినా కొట్టేశాను. "సైటు" ఒక్కటే మిగిలింది, దానికి వేరే మాట దొరకలేదు.

ఈ కార్డులతో ఇంకో చిక్కు వచ్చింది. పని అయినట్టు ఎప్పుడు లెక్క? పాత టాస్కుకి జవాబు తేలిక, పబ్లిష్ నొక్కితే అయినట్టే. ఇప్పుడు అలా కాదు. ఒకరు ధర మార్చి, "సేవ్" నొక్కి, అయిపోయిందని చేతులు దులుపుకోవచ్చు. మా సాఫ్ట్‌వేర్‌లో సేవ్ చేస్తే డ్రాఫ్ట్‌లోనే ఉంటుంది, బయటివాళ్ళకి పాత ధరే కనిపిస్తుంది. అయిందని మనిషి నమ్ముతున్నారు, నిజానికి కాలేదు. అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఇదే, ఎందుకంటే మర్నాడు గిరాకీతో మాట పడేది ఆమె. ఐఎస్ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణం, ఒక వస్తువు వాడటానికి ఎంత అనువుగా ఉందో మూడు కొలతల్లో చూస్తుంది. అనుకున్న పని సరిగ్గా అయిందా, దానికి ఎంత కాలమూ శ్రమా పట్టాయి, చేసిన మనిషికి తృప్తిగా ఉందా. మొదటిదాన్ని ఎలా చూడాలో రెండు రోజులు తెగలేదు. చివరికి బల్ల మీద ఒక మామూలు ఫోన్ పెట్టాలని నిర్ణయించాం. అది గిరాకీ ఫోన్. ఆ ఫోన్‌లో కొత్త ధర కనిపిస్తేనే పని అయినట్టు. ఆమె తనంతట తాను ఆ ఫోన్ తీసి చూసుకున్నారా, లేక చూడకుండానే అయిందన్నారా అన్నది కూడా రాసుకుంటాం.

పైలట్‌కి, అంటే అసలు టెస్టుకి ముందు చేసే రిహార్సల్‌కి, మా ఇంటి ఓనరమ్మని అడిగాను. నాలుగు తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో చీరలు అమ్ముతారు. కార్డు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు తెలుగు చదివేకి రాదు కదమ్మా. బడిలో కన్నడనే నేర్చుకున్నాము" అన్నారు.

పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఈ సంగతి నాకు తట్టకపోవడం బాధ కలిగించింది. తెలుగు మాట్లాడి, కన్నడ చదివే కుటుంబాలు బెంగళూరు నిండా ఉన్నాయి. కార్డు నేనే చదివి వినిపిద్దామంటే, ఏ మాట మీద గొంతు ఆగితే ఆ మాట మీదే వాళ్ళ దృష్టి పడుతుంది. తెలియకుండానే దారి చూపించినట్టవుతుంది. కన్నడంలోకి అనువాదం చేయిద్దామంటే, ఆమె వ్యాపారం ఆలోచించేది తెలుగులో. తెలుగు మాటల్నే కన్నడ లిపిలో రాయించాం. "మాగాయ", "పండక్కి" అన్నీ కన్నడ అక్షరాల్లో. ఓనరమ్మ ఆ కార్డు గడగడా చదివేశారు. అప్పటినుంచి ప్రతి కార్డూ రెండు లిపుల్లో ఉంది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "ఏ భాష" అని కాకుండా "ఏది చదవడం సులువు" అని అడగాలని రాసుకున్నాం.

ఆ పైలట్‌లోనే ల్యాప్‌టాప్ సంగతి కూడా బయటపడింది. ట్రాక్‌ప్యాడ్ మీద ఆమె వేలు పెడితే బాణం గుర్తు ఎటో వెళ్ళిపోయేది. పది నిమిషాలు దానితోనే సరిపోయింది. మేం చూడాల్సింది మా సాఫ్ట్‌వేర్‌ని, చూస్తున్నది ట్రాక్‌ప్యాడ్‌ని. మౌస్ ఒకటి కొన్నాం, మొదటి ఐదు నిమిషాలు దానితో చేయి అలవాటు చేసుకోనివ్వాలని ప్లాన్‌లో చేర్చాం.

రెండో పైలట్ మారతహళ్ళిలో పీజీ నడిపే కడప అక్కతో. ఇక్కడ జరిగింది వివరంగా చెప్పాలి. టైం కలిసొస్తుందని నేనే ముందుగా ఒక టెంప్లేట్, అంటే తయారుగా ఉండే నమూనా సైటు, ఎంచి ఉంచుదామనుకున్నాను. చివరి నిమిషంలో మరిచిపోయాను. ఖాళీ అకౌంట్ తెరుచుకుంది, అక్కే ఒక టెంప్లేట్ ఎంచుకున్నారు. పెద్ద ఫోటోలో తెల్లటి మంచం, కిటికీ, కింద ఎవరిదో హోటల్ పేరు, ఒక ఫోన్ నంబరు, నాలుగు లైన్ల పొగడ్త. అక్క మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశారు. ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. నేనేమీ మాట్లాడలేదు. కాసేపటికి, "ఇది ఎవరిదో ఉన్నట్టుందే. నేను చెరిపితే వాళ్ళది పోదూ?" అన్నారు.

మా పద్నాలుగుమందిలో ఎవరికీ ఎప్పుడూ ఆ అనుమానం రాలేదు. వర్డ్‌ప్రెస్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టుకున్నా "హలో వరల్డ్" అనే పోస్టు, ఒక నమూనా పేజీ ముందే ఉంటాయి. ఈ పనిలో ఉన్నవాళ్ళం అది నమూనా అని చూడగానే గుర్తుపడతాం, కడిగేసి మనది రాసుకుంటాం. పరాయివాళ్ళ వస్తువు ముట్టుకోకూడదని పెరిగిన మనిషికి ఆ పేజీ వేరేగా కనిపిస్తుంది. అక్క మర్యాదగా ఆగిపోయారు. లాగ్‌లో చూస్తే ఆమె కూడా "టెంప్లేట్ ఎంచుకుని వదిలేసిన యూజర్" అయ్యేవారు. నేను ముందే టెంప్లేట్ ఎంచిపెట్టి, పేరు మార్చి ఉంటే, ఈ చోటు టెస్టులో వచ్చేదే కాదు. ఆ సాయంత్రమే రాశాను: ప్రతి సెషనూ ఖాళీ అకౌంట్‌తో మొదలవ్వాలి, మనం ముందుగా ఏదీ సర్దిపెట్టకూడదు, ఎంత టైం పోయినా సరే.

మనసులో మాట పైకి చెప్తూ చేయమనే పద్ధతి ఒకటుంది. 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ దీన్ని ఇలాంటి టెస్టులకి తెచ్చారు. మనవాళ్ళ దగ్గర అది అంత తేలిగ్గా రాదు. "నాలో నేను మాట్లాడుకుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అంది అక్క. అందుకని మొదట తెలిసిన పనితో అలవాటు చేయిస్తాం. ఫోన్‌లో పొద్దున ఐదింటికి అలారం పెట్టండి, పెడుతూ ఏం చూస్తున్నారో నాకు చెప్పండి. రెండు నిమిషాల్లో మాట వస్తుంది.

నేను సాయం చేయకుండా ఉండటం అన్నిటికన్నా కష్టం. పెద్దావిడ "ఇప్పుడేం చేయాలమ్మా" అని అడుగుతుంటే బదులివ్వకుండా కూర్చోవడం మన పెంపకంలో లేదు. మొదటి పైలట్ రికార్డింగులో నేను గడ్డంతో స్క్రీన్ మూలకి చూపించడం కనిపించింది. కాబట్టి మెట్లు రాసుకున్నాం. ముందు, "మీకేమనిపిస్తోంది?" అని అడగడం. తరవాత కార్డు ఇంకోసారి చదువుకోమనడం. రెండు నిమిషాలు కదలిక లేకపోతేనే ఒక్క మాట సాయం, అదీ కాగితం మీద గుర్తుపెట్టి. సాయం అందిన టాస్కు పూర్తయినా, సొంతంగా చేసినట్టు లెక్కకి రాదు. మొదట్లోనే "మేం చూసేది సాఫ్ట్‌వేర్‌ని, మిమ్మల్ని కాదు. మీరు అడిగితే ఒక్కోసారి చెప్పను, కోపం తెచ్చుకోకండి" అని చెప్పేస్తాం. ఈ ముక్క ముందే అంటే నాకూ గుండె కుదుటపడుతుంది.

మా డెవలపర్లు చూడాలి, కానీ అదే గదిలో ఉండకూడదు. రెండో పైలట్‌లో ఒకబ్బాయి ఆగలేక "పైన ఉందక్కా" అనేశాడు. అతను రాసిన బటన్ అది, అతని బాధ నాకు అర్థమైంది. పక్క గదిలో స్క్రీన్ చూపించి, ఒక్కొక్కరికీ చీటీలు ఇస్తాం. చీటీ మీద కళ్ళతో చూసిందే రాయాలి. "మూడుసార్లు సేవ్ నొక్కారు" అని రాయొచ్చు, "అర్థం కాలేదు" అని రాయకూడదు.

చివర్లో మార్కుల ఫారం పెడదామా అని చర్చ జరిగింది. జాన్ బ్రూక్ 1986లో చేసిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్‌లో పది వాక్యాలుంటాయి, ఒకటి మంచిగా ఒకటి చెడ్డగా మార్చి మార్చి వస్తాయి, ఒప్పుకుంటారో లేదో ఒకటి నుంచి ఐదులో చెప్పాలి. తెలుగులో పెట్టి చూస్తే ఓనరమ్మ అన్నిటికీ ఐదు వేశారు. "పాపం కష్టపడి చేసుకున్నారు, తక్కువ ఎందుకేసేది" అన్నారు. ఆరుగురితో ఎలాగూ ఆ అంకెకి బలం లేదు. తీసేశాం. దాని బదులు ఒక్క ప్రశ్న: "మీ చెల్లెలు ఇదే పని చేసుకోవాలంటే ముందుగా ఆమెకి ఏం చెప్తారు?"

ఒప్పంద పత్రం తొందరగానే తేలింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమాచారం ఎందుకు తీసుకుంటున్నామో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు ఉండాలి. తెలుగు, కన్నడ రెండూ అందులో ఉన్నాయి. వకీలు భాష తీసేసి ఒక పేజీలో రాశాం: స్క్రీన్, గొంతు రికార్డు చేస్తాం, ముఖం చేయం, మూడు నెలల్లో చెరిపేస్తాం, మధ్యలో లేచి వెళ్ళినా డబ్బు పూర్తిగా ఇస్తాం.

చోటు కూడా మార్చాం. ఊరి ట్రాఫిక్ దాటుకుని మా ఆఫీసుకి రమ్మంటే, దుకాణం మూసిపెట్టి సగం రోజు పోగొట్టుకోవాలి. మారతహళ్ళిలో ఒక ట్యూషన్ సెంటర్ పైగది మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటే అద్దెకి తీసుకున్నాం. టైం రెండున్నర నుంచి నాలుగు. ఆ వేళ గిరాకీ తక్కువ.

శుక్రవారం రాత్రి ప్లాన్ ముగించి, మొదటి విడత ముగ్గురికీ గుర్తుచేయడానికి ఫోన్ చేశాను. రామ్మూర్తినగర్ టైలర్ అన్న ఎత్తారు. వస్తానని చెప్పి, "జాకెట్ల ఫోటోలు అన్నీ నా ఫోన్‌లో ఉండాయి మేడం. అవి దాంట్లోకి యాడ పెట్టాల?" అని అడిగారు. ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద "ఫోటోలు" అనే ఫోల్డర్ చేసి, నెట్‌లో దొరికిన జాకెట్ల బొమ్మలు పన్నెండు అందులో పెట్టి ఉంచాను నేను. ఏదీ ముందుగా సర్దిపెట్టకూడదని రాసుకున్న ప్లాన్‌లోనే, అన్నిటికన్నా ముందు వచ్చే పని నేనే చేసిపెట్టేశాను.

ఫోల్డర్ తీసేశాను. బల్ల మీద ఉండాల్సిన వస్తువుల జాబితాలో మౌస్, గిరాకీ ఫోన్, కార్డుల తరవాత రెండు రకాల ఛార్జింగ్ కేబుళ్ళు రాశాను. మొదటి టాస్కు కార్డు మార్చాను: "మీ ఫోన్‌లో ఉన్నవాటిలో మీకు బాగా నచ్చిన జాకెట్ సైటు చూసేవాళ్ళకి కనిపించాలి." కన్నడ లిపిలో కూడా ప్రింట్ తీసి సంచిలో పెట్టేసరికి పదకొండున్నర అయింది.